గెడ ఎత్తే చెయ్యి

రేవు కాడ నుంచి,
రాజోలు మండలం
12 జూన్ 2024

బావ గణపతికి,

ముందుగా నీ పొట్టకి నమస్కారం, తరవాత నీకు. నువ్వు క్షేమంగా మస్కట్ చేరేవని నీ పెళ్ళాం బేబి చెప్పింది. విమానం ఒక పక్కకి ఒరగలేదు కదా.

ఫోను ఉండగా కాయితం ఏమిటనుకోకు. మన ఫోనులు మన చేతిలో ఎప్పుడున్నాయి. నేను మాట్లాడితే మీ చెల్లి వీరలక్ష్మి పక్కనే నిలబడుతుంది, నువ్వు మాట్లాడితే బేబి స్పీకరు పెడుతుంది. మన ఒట్టు సంగతి వాళ్ళకి తెలిస్తే ఊళ్ళో టముకు వేసినట్టే. ఆరో తరగతిలో బడి మానేసిన చెయ్యి ఇది, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

పోయిన నెల తీర్థంలో జరిగింది తలుచుకుంటే అన్నం సహించట్లేదు. తింటున్నాననుకో, సహించట్లేదు. నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. రాస్తే సిగ్గు బాగా ఎక్కుతుంది. అమ్మవారు మన ఊరి ఆడపడుచు. ఏడాదికోసారి పుట్టింటికి వస్తుంది, తొమ్మిదో రోజున లంకలో అత్తారింటికి దింపాలి. దింపేది ఇద్దరే, ఒకరికొకరు బావా బావమరుదులై ఉండాలి. నిలబడి గెడ వెయ్యాలి, మధ్యలో కూర్చోకూడదు, ఇంజను తగలకూడదు. మీ నాన్న, మా నాన్న అరవై దాటాక కూడా ఆ గోదారి పాయని ఆకు నములుతూ దాటించేరు. నాకు యాభైనాలుగు, నీకు యాభైయొకటి. సగం దూరంలో నీకు ఆయాసం, నాకు నడుం. ఇద్దరం కూలబడ్డాం. ఈలోగా సముద్రప్పోటు ఎక్కింది, గెడ అడుక్కి అందలేదు, అమ్మవారితో సహా ఒడ్డునున్న మడచెట్ల పొదల్లోకి కొట్టుకుపోయేం. అమ్మవారి కంచుబొమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దింట్లమ్మ మామ్మ ఏమంది, గుర్తుందా. "మీ ఇద్దరికన్నా ఈ బొమ్మే నయంరా, తిన్నగా ఉంది" అంది.

ఆఖరికి మీ చిన్నాన్న కొడుకు వెంకటకృష్ణ ఇంజను పడవతో వచ్చి తాడు విసిరేడు. "బావగారూ, మెల్లిగా పట్టుకోండి" అన్నాడు, ముసలాయన్ని రోడ్డు దాటించినట్టు. వాడికి ముప్పైనాలుగేళ్ళు. రొయ్యల చెరువుల గట్టు మీద బండి దిగకుండా తిరుగుతాడు. వచ్చే తీర్థంలో కూడా ఇలాగే అయితే అమ్మవారి పడవకి ఇంజను బిగించేద్దామని పెద్దలు తేల్చేసేరు. మొదట తలూపింది వాడే.

మన వేట పడవలకి ఇంజన్లు పెట్టుకున్నాక చేతులకి పని పోయింది, పొట్టకి పని వచ్చింది. అందుకే, వచ్చే తీర్థం లోపు ఒళ్ళు తగ్గించి బలం తెచ్చుకుంటామని రేవులో మనిద్దరం ఒట్టు వేసుకున్నట్టు నేను మొదలుపెట్టేను. తెల్లవారుజామున లేచి ఏటిగట్టు మీద మూడు మైళ్ళు పరుగు. వచ్చేక వంద దండీలు. మీ చెల్లి నన్ను గుర్తుపట్టక "ఎవరు కావాలండీ" అంది. నువ్వేం చేస్తున్నావో రాయి.

సన్నబడిపోతున్న నీ బావ,
అబ్బులు


మస్కట్
9 జూలై 2024

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివేనండి. చదివిన ప్రతిసారీ నా పొట్ట కేసి చూసుకున్నాను.

ఇక్కడ పగలు బయట నిలబడితే చెప్పు అంటుకుపోతుంది. పరుగెక్కడ పెట్టను. నీళ్ళు లేని చోట గెడ ఎక్కడ వెయ్యను. నాలుగు రోజులు ఆలోచించి ఒక దారి చూసుకున్నాను. మా గోడౌనులో బియ్యం బస్తాలు లాగే ట్రాలీ ఉంది, నాలుగు చక్రాల మీద చెక్క బల్ల. పొద్దు వాలేక దాని మీద నిలబడి, పది అడుగుల ఇనుప గొట్టం సిమెంటు నేల మీద ఆనించి తోసుకుంటూ యార్డులో ఈ కొస నుంచి ఆ కొసకి పోతున్నాను. గొట్టం జారకుండా కొసకి పాత టైరు ముక్క కట్టేను. క్యాంపులో మలయాళీలు కుర్చీలు వేసుకుని చూస్తున్నారు. ఎడారిలో పడవ నడిపేవాడని పేరు పెట్టేరు.

పన్నెండు తోపులకే ఒగురుస్తున్నానండి. మీరు వంద దండీలంటున్నారు. మీ పక్కన నిలబడే అర్హత నాకుందా అని దిగులుగా ఉంది. కుడి మోకాలు కూడా లేస్తే చప్పుడు, కూర్చుంటే చప్పుడు.

ఒక్క మాటండి. నా పెళ్ళిలో ముహూర్తం మారిందని చెప్పి మేళగాళ్ళని పలివెల పంపించేసిన మనిషి మీరు. అది వేరు. ఇది అమ్మవారి పని కాబట్టి మీరు వేళాకోళం చెయ్యరనే నమ్మకంతో చేస్తున్నాను.

చెల్లిని అడిగానని చెప్పకండి, ఉత్తరం సంగతి బయటపడుతుంది.

ఇట్లు,
గణపతి


రేవు కాడ నుంచి
20 ఆగస్టు 2024

ఎడారి సరంగు గారికి,

నీ ట్రాలీ సంగతి చదివి నేను పెట్టిన ముఖం చూసి మీ చెల్లి కరెంటు బిల్లు వచ్చిందా అని అడిగింది. పన్నెండు తోపులేమిటి బావా. మీ నాన్న పైనుంచి చూస్తే ఏమనుకుంటాడు.

ఇక్కడ ఏరు ఎర్రబడింది, పులస వచ్చింది. బెండకాయ వేసి మీ చెల్లి దాకలో వండుతుంటే వాసన వీధి చివరి దాకా పోయింది. నేను ముట్టుకోలేదు. నూనె పడదని ఒక చారు ముద్దతో లేచిపోయేను. నువ్వు నమ్మవు.

అసలు సంగతి విను. మండపేట నుంచి ఒక వస్తాదు వచ్చేడు. ఆయనకి డెబ్భై ఏళ్ళు, రైసుమిల్లులో రెండు బస్తాలు రెండు చంకల్లో పెట్టుకుని నడుస్తాడు. నా దగ్గర నాలుగు రోజులుండి గెడ వేసేవాళ్ళ రహస్యం చెప్పేడు. నిండు బిందె నెత్తి మీద పెట్టుకుని రోజుకి నలభై గుంజీళ్ళు. చుక్క ఒలికిందంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ట్రాలీ మీద నిలబడి చేస్తే ఇంకా మంచిదట, పడవ ఊగుడు అలవాటవుతుందట. అది చేసేక నాకు ఎంత బలం వచ్చిందంటే, మొన్న అమ్మవారి పడవ నేనొక్కణ్ణే లంకకి తీసుకెళ్ళి, అక్కడ టీ తాగి, మళ్ళీ తెచ్చి కట్టేను. ఊపిరి కూడా పెరగలేదు.

నువ్వూ బిందె మొదలుపెట్టు. లేకపోతే నేను తోస్తుంటే నువ్వు అమ్మవారి పక్కన ప్రసాదం గిన్నెలాగ కూర్చోవాలి.

ఉక్కులాంటి నీ బావ,
అబ్బులు


మస్కట్
2 అక్టోబరు 2024

బావగారికి,

బిందె మొదలుపెట్టేనండి. ఇక్కడ బిందెలు ఉండవు, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా పెట్టుకున్నాను. ఆరు రోజుల్లో ఒక్కసారీ నలభై అవలేదు. ప్రతిసారీ పదిహేను దగ్గర ఒలుకుతుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను. అలా లెక్కేస్తే రోజుకి నూట ఇరవై చేసినట్టుంది. మోకాలు కొబ్బరి బొండంలా వాచింది.

ఏడో రోజున ట్రాలీ మీద చేసేను. ఏటవాలు పక్కకి జారింది. నేను, డబ్బా, ట్రాలీ కలిసి వెళ్ళి బస్తాల మీద పడ్డాం. పన్నెండు బస్తాలు తడిసేయి. కంపెనీ సామాను ఆటలకి వాడేనని కాయితం రాసి సంతకం పెట్టించుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ నా మీద ఒక్క మాట లేదండి. మేనేజరు నెత్తి మీద నీళ్ళెందుకయ్యా అని అడిగేడు.

అయినా మానలేదు. ట్రాలీ మళ్ళీ ఇచ్చేరు, సాయంత్రం అరగంట, నీళ్ళు లేకుండా. ఎనిమిది కిలోలు తగ్గేను. ఇప్పుడు తొంభై తోపులు వేస్తున్నాను.

ఒక తప్పు చేసేను, క్షమించండి. మీరు ఒక్కరే లంకకి వెళ్ళి వచ్చిన సంగతి ఆనందం పట్టలేక ఫోన్లో బేబికి చెప్పేసేను. మన బావగారు యాభైనాలుగో ఏట ఇలా ఉన్నారంటే నాకెంత గర్వం. ఉత్తరాల సంగతి మాత్రం చెప్పలేదు, ఎవరో చెప్పేరన్నాను.

ఇట్లు,
గణపతి


రేవు కాడ నుంచి
15 నవంబరు 2024

ఒరేయ్ బావా,

నీ గర్వం తగలెయ్య. బేబికి చెప్పేవు, బేబి నీళ్ళ పంపు దగ్గర చెప్పింది, సాయంత్రానికి వెంకటకృష్ణ నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని మా అరుగు మీదికి వచ్చేడు. "బావగారు ఒంటిచేత్తో పడవ దాటిస్తున్నారటండి, మాకూ చూపించండి" అన్నాడు. ఆయ్, దానికేముంది అన్నాను. ఇంకేమంటాను.

రేవంతా జనం. పెద్దింట్లమ్మ మామ్మ పీట వేయించుకుని మరీ కూర్చుంది. పడవ ఎక్కి, గెడ ఎత్తి, అందరూ చూస్తున్నారు కదాని ఒక్క కుదుపుతో దించి తోసేను. గెడ బురదలో దిగబడిపోయింది. పడవ ముందుకి పోయింది, గెడ అక్కడే ఉండిపోయింది, నేను గెడకి ఉండిపోయేను, కొబ్బరిచెట్టు మీద కోతిలాగ. కొంతసేపు అలాగే వేలాడేను. తరవాత నీళ్ళలో పడ్డాను. నవ్వని వాడు లేడు. నా మీద ఊరు ఇంతగా నవ్వడం ఇదే మొదలు. నేను నవ్వించడం వేరు బావా, ఇది వేరు.

కుడి భుజంలో అప్పుడే ఏదో కలుక్కుమంది. వారానికి బిగుసుకుపోయింది. ఇప్పుడు చొక్కా చెయ్యి మీ చెల్లి తొడగాలి. అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. షుగరు మూడు వందల పన్నెండు ఉందట. షుగరున్నవాళ్ళకి భుజం ఇలా బిగుస్తుందట, నెలల తరబడి పడుతుందట.

నిజం చెప్పేస్తున్నాను. పరుగు లేదు, దండీలు లేవు, వస్తాదు లేడు. నువ్వు వెళ్ళేక నేను టీ కొట్టు దాటి నడిచింది లేదు. పులస మూడు ముక్కలు తిన్నాను, తలకాయ కూడా. నిన్ను ఆట పట్టిద్దామని మొదలుపెట్టేను, నీ ట్రాలీ చదివేక ఆగలేకపోయేను. నీ మోకాలు సంగతి చదివినప్పుడు ఆగవలసింది.

గెడ ఎత్తాలంటే చెయ్యి తల దాటాలి. నాది మెడ దాటట్లేదు. తీర్థం ఆరు నెలల్లో ఉంది. ఏం చేద్దామో చెప్పు.

అబ్బులు


మస్కట్
10 డిసెంబరు 2024

బావగారికి,

మీ ఉత్తరం రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించేనండి. గెడకి వేలాడడం దగ్గర మలయాళీలు కూడా నవ్వేరు, వాళ్ళకి తెలుగు రాకపోయినా.

ఈసారి మాత్రం నేను పడను. మీరు నీళ్ళలో పడి రేవునంతా నవ్వించేరని బేబి చెప్పింది. ఊరికి ఒక తమాషా చూపించకుండా మీరు ఉండలేరని నాకు తెలియదా. నా పెళ్ళిలో కాలు విరిగినట్టు కుంటుతూ మా మామగారి చేత సోడా తెప్పించుకున్నారు. వీరలక్ష్మిని అడిగితే "ఆయనకేం అన్నయ్యా, గుండ్రాయిలా ఉన్నారు" అంది. మా చెల్లి నాతో అబద్ధం ఆడదండి. నేను మోకాలు నెపం పెట్టి మానేస్తానేమోనని పరీక్షిస్తున్నారు కదూ. మానను.

నూట యాభై తోపులు దాటేను. మే నెలలో పది రోజుల సెలవుకి అర్జీ పెట్టేను. మీరు ముందు నిలబడండి, నేను వెనక. ఈసారి ఆకు నములుతూ దాటిద్దాం.

భుజం జాగ్రత్త.

ఇట్లు,
గణపతి


రేవు కాడ నుంచి
8 జనవరి 2025

బావా,

నీ ఉత్తరం చదివి కాయితం నలిపి పడేసేను. ఎడం చేత్తో.

మీ చెల్లి నీతో అబద్ధం ఆడింది. పరాయి దేశంలో ఉన్నవాడు బెంగపడతాడని నన్నూ చెప్పొద్దంది, బేబినీ చెప్పొద్దంది. డాక్టరు చీటీ పంపుదామంటే ఇంకెవరిదో తెచ్చేనంటావు. నా మీద ఒట్టంటే ఎన్ని ఒట్లు తిన్నానో నీకే తెలుసు. నలభై ఏళ్ళు ఆడిన వేళాకోళమంతా ఇప్పుడు నిజం చెప్పబోతే గొంతుకి అడ్డం పడుతోంది.

రాజోలులో సలోమి గారని ఒకావిడ ఉంది, చేతులకీ కాళ్ళకీ కసరత్తు చేయించే డాక్టరమ్మ. నా కూతురి వయసు. నేను ఏదో తమాషా మాట అంటే "మాటలు తరవాతండి, వేళ్ళు ముందు" అంటుంది. గోడ ముందు నిలబడి వేళ్ళతో గోడ మీద పైకి నడవాలి, చీమ ఎక్కినట్టు. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలు గీత. రోజుకి మూడుసార్లు. చెయ్యి ఆగినచోట నుంచి ఇంకొక్క వేలు పైకి పొమ్మంటే కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయి. యాభైనాలుగేళ్ళవాణ్ణి, సముద్రంలో వల లాగినవాణ్ణి, గోడ ముందు ఏడుస్తున్నాను. ఇరవై రోజుల్లో గీత రెండు వేళ్ళు లేచింది. ఏటిగట్టు మీద నడక కూడా మొదలుపెట్టేను. పరుగు కాదు, నడక. మొదటి రోజు కాలవ లాకుల దాకా పోయి, తిరిగి రాలేక ఆటో ఎక్కేను.

ఈ కవరులో వల దారం ముక్క పెట్టేను చూడు. ఒక కొస నేలకి ఆనించి రెండో కొస గోడకి పట్టు. అంతవరకే నా వేళ్ళు పోతున్నాయి. ఇందులో వేళాకోళం లేదు. ఏదైనా ఒకటి రాద్దామని చాలాసేపు చూసేను, రాలేదు.

అబ్బులు


మస్కట్
12 ఫిబ్రవరి 2025

బావగారికి,

దారం గోడకి పట్టి చూసేనండి. నా గెడ్డం దగ్గరికి వచ్చింది. మీరు నాకన్నా నాలుగు వేళ్ళు పొడుగు. మీరు ఇన్నాళ్ళూ చేసినవాటిలో నవ్వు రానిది ఇదొక్కటే. అందుకే నమ్మేను.

నమ్మేక కోపం వచ్చింది. దాచుకోను. నాకు సెలవు ఇవ్వలేదు. ట్రాలీ కాయితం తీసి చూపించి, ఈ ఏడు కుదరదన్నారు. ఆ కాయితం మీ బిందె వల్ల వచ్చింది. ఎవరికి చెప్పుకోను. పొట్ట తగ్గింది, ఊపిరి వచ్చింది, రెండు వందల తోపులు వేసే చెయ్యి వచ్చింది, వెయ్యడానికి నీళ్ళు లేవు. మూడు రోజులు ట్రాలీ ముట్టుకోలేదు. నాలుగో రోజు ఒళ్ళు ఊరుకోక మళ్ళీ వెళ్ళేను.

నేను రాకపోతే ఇంకో బావ కావాలి. మా ఇంట్లో వరస కలిసేది ఒక్కడే, మా చిన్నాన్న కొడుకు వెంకటకృష్ణ. మీకు ఇష్టం ఉండదని తెలుసు. వాడిని మీరే వెళ్ళి అడగాలి, నవ్వించకుండా.

ఒక సంగతి చెప్తాను, ఇది నిజంగా చేసి నేర్చుకున్నది. కుడి మోకాలు వాచినప్పుడు నేను అటు ఇటుగా తిరిగి ఎడం చెయ్యి పైన పెట్టి తోసేను. పది రోజులు చేతకాలేదు. పదకొండో రోజు వచ్చింది. గెడని భుజంతో తొయ్యకండి, పాదం తన్ని నడుంతో తొయ్యండి. చెయ్యి పట్టుకోవడానికే. అమ్మవారు కుడి చెయ్యే కావాలని ఎక్కడా అడగలేదు కదండీ.

ఇంక ఏం చేసేరో నాకు రాయకండి. చెయ్యండి.

గణపతి


రేవు కాడ నుంచి
21 మే 2025

బావా,

మూడు నెలలు ఏమీ రాయలేదు. నువ్వు చెప్పినట్టే చేసేను, అందుకని.

వెంకటకృష్ణ ఇంటికి వెళ్ళేను. అడగడానికి నోరు రాక వాళ్ళ రొయ్యల మేత గురించి అరగంట మాట్లాడేను. ఆఖరికి చెప్పేను. వాడు ముందు ఇదేదో ఆట అనుకుని గుమ్మం వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసేడు. నీకు పంపిన దారం సంగతి చెప్పేను. అప్పుడు అన్నాడు, "నేను ఎప్పుడూ గెడ పట్టలేదండి బావగారూ, ఇంజను అని అందుకే అన్నాను." ఏడాది పాటు వాడి మీద పళ్ళు కొరికిన నాకు ఈ ముక్క ముందే ఎవరూ చెప్పలేదు.

మూడు నెలలు రోజూ పొద్దున్నే ఇద్దరం రేవులో దిగేం. వాడికి కండ ఉంది, ఊపిరి లేదు. నాకు రెండూ లేవు, నీళ్ళు ఎటు పోతాయో తెలుసు. ఎడం చెయ్యి నీకు పదకొండో రోజు వచ్చిందేమో, నాకు నలభై రోజులు పట్టింది. షుగరు నూట అరవైకి దిగింది. లాకుల దాకా పోయి నడిచే వస్తున్నాను.

మొన్న పదిహేనో తారీకున అమ్మవారిని దింపేం. నీళ్ళు ఇంకా సముద్రం వైపు లాగుతుండగానే, మన రేవు నుంచి కాకుండా నాలుగు వందల గజాల ఎగువ నుంచి ఎక్కేం. నీళ్ళే సగం పని చేస్తాయని నా లెక్క. సగం పాయలో వెంకటకృష్ణ ముఖం నల్లబడింది, చేతులు బొబ్బలెక్కేయి, కూర్చుంటానన్నాడు. పోయిన ఏడు నేను అన్నట్టే. నా కుడి చెయ్యి పైకి రాదు, ఎడమది మొద్దుబారిపోయింది. పెద్దింట్లమ్మ మామ్మ ఒళ్ళో బొమ్మని సర్దుకుని "అత్తారింటికి పోయేదానికి తొందరేముందిరా. నిలబడి ఊపిరి తీసుకోండి" అంది. నిలబడ్డాం. గెడ మీద వాలి నిలబడ్డాం, కూర్చోలేదు. ఇరవై ఊపిర్లు లెక్కపెట్టి మళ్ళీ తోసేం.

లంక రేవుకి చేరలేదు. దానికి యాభై అడుగుల దిగువన బురదలో ఆగింది పడవ. అక్కడ నుంచి మోకాలి లోతు బురదలో లంకవాళ్ళు అమ్మవారిని ఎత్తుకెళ్ళేరు. వాళ్ళు వండిన భోజనాలు అప్పటికే చల్లారిపోయేయి. ఇది దింపినట్టా కాదా అని పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇంజను తగల్లేదు కాబట్టి దింపినట్టేనని కొందరు, రేవుకి చేరలేదు కాబట్టి కాదని కొందరు. చివరికి ఇంకో ఏడు చూద్దామన్నారు. ఇంజను పెడదామని ఈసారీ పెద్దల్లో ఒకరిద్దరు అన్నారు. వెంకటకృష్ణ కాదు. వాడు బొబ్బలకి పసుపు రాసుకుంటూ కూర్చున్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది బావా. ఏడాది కష్టపడి బురదలో దిగేం. నువ్వు ఉంటే రేవుకి చేరేవాళ్ళం. నువ్వు లేకపోవడానికి కారణం నా బిందె. మనిషి సన్నబడ్డాక ఇన్ని ఆలోచనలు వస్తాయని ముందే తెలిస్తే లావుగానే ఉండేవాణ్ణి.

వచ్చే ఏడు నీ సెలవు పూచీ నాది. మీ మేనేజరుకి నేనే ఉత్తరం రాస్తాను, బిందె తప్పు నాదని. ఆయన నమ్మకపోతే ఆయనకీ ఒక దారం పంపుతాను. ట్రాలీ మాత్రం మానకు.

వేసవికి సున్నాలు వేయించేం. మీ చెల్లి గోడంతా వేయించి, పెన్సిలు గీతలున్న చోట జానెడు వెడల్పు వదిలెయ్యమంది. అక్కడ ఇంకా గీతలు పడతాయంది.

కొత్త దారం పెట్టేను. కొలుచుకో. పాతదానికన్నా నాలుగు వేళ్ళు పొడుగు. అందులో రెండు వేళ్ళు అబద్ధం. ఏ రెండో వచ్చి చూసి చెప్పు.

నీ బావ,
అబ్బులు